ముత్తాత పేరు వెతకడానికి ఇంత యాతనా?

విశాఖపట్నంలో ఉంటూ ఇంటి పూర్వీకుల వివరాలు వెతకడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. మా ముత్తాతది బొబ్బిలి వైపు పల్లె. ఆయన కాలంలో అది విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళంలోకి, 1979లో విజయనగరంలోకి వెళ్లింది. ఊరు కదలలేదు, దస్త్రాలు కదిలాయి. ఎటు వెళ్లాయో చెప్పే నాథుడు లేడు. ఇక్కడ అడిగితే అక్కడికి పొమ్మంటారు, అక్కడివారు మళ్లీ ఇక్కడికే పంపుతారు. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రమే కాబట్టి పాత ప్రభుత్వ కాగితాలెన్నో చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. అంత దూరం వెళ్లే స్తోమత అందరికీ ఉంటుందా?

దగ్గర్లో ఉన్నవాటి గతి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒక కార్యాలయంలో పాత అడంగలు, అంటే ఊరి పొలాల లెక్కల పుస్తకం, తీసి ఇచ్చారు. పుట తిప్పగానే అంచులు పొడిపొడిగా రాలాయి. సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, రైతు పేరు ఉండాల్సిన చోట చెదలు తిన్న రంధ్రం. ఆ కట్టను మళ్లీ తాడుతో బిగించి తెరిచిన కిటికీ కిందే పెట్టారు. ఉప్పుగాలి వీచే ఊళ్లో కాగితాన్ని ఉంచే చోటా అది?

జమీందారీ గ్రామాలవారి బాధ ఇంకా ఎక్కువ. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి. అంతకుముందు జమీందారీ కార్యాలయాలైన కచేరీల్లో రాసిన శిస్తు లెక్కలు ఏమయ్యాయంటే పెదవి విరుస్తారు.

స్కానింగు తర్వాత సంగతి. ముందు ఏ ఊరి లెక్కలు ఏ బీరువాలో ఉన్నాయో ఒక జాబితా రాసి గుమ్మం దగ్గర అంటించండి.