బండికి లైసెన్స్ ఉంది, పంపుకు పరీక్ష ఏది?

పెట్రోల్ ట్యాంకర్ నడపాలంటే హెవీ లైసెన్స్ ఒక్కటే చాలదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 9వ నిబంధన ప్రకారం ప్రమాదకర సరుకు రవాణాపై మూడు రోజుల శిక్షణ పొందాలి. ఆ సర్టిఫికెట్ చూపించి లైసెన్స్ మీద ప్రత్యేకంగా ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. అదే ట్యాంకర్ హైవే మీద బోల్తాపడి అంటుకుంటే ఆర్పడానికి ఫైర్ ఇంజిన్ వస్తుంది. మోటారు వాహనాల చట్టం మాత్రం ఆ ఫైర్ ఇంజిన్ డ్రైవర్‌ను లారీ డ్రైవర్‌ను అడిగినదానికి మించి ఏమీ అడగదు. తగలబడేదాన్ని నడిపేవాడికి ప్రత్యేక అర్హత కావాలి, ఆర్పేదాన్ని నడిపేవాడికి అక్కర్లేదు. ఇన్నేళ్లుగా ఈ తేడా ఎవరికీ కొట్టొచ్చినట్టు కనిపించకపోవడం నాకు మింగుడుపడని విషయం.

ఇది డ్రైవర్లను తప్పుపట్టే మాట కాదు. రెండు తెలుగు రాష్ట్రాల ఫైర్ సర్వీసుల్లో ఈ ఉద్యోగిని డ్రైవర్ ఆపరేటర్ అంటారు. బండిని ఘటనా స్థలానికి చేర్చడం, చేరాక పంపు నడపడం రెండూ ఆయన బాధ్యతే. ఉద్యోగంలో చేరినప్పుడు డ్రైవింగ్ పరీక్ష పెడతారు, శాఖ శిక్షణ ఇస్తుంది. ఆ శిక్షణ ఇచ్చేవాళ్లలో మంచి అనుభవజ్ఞులు ఉన్నారు. నా ఆందోళన ఆ తర్వాతి సంగతి గురించి. పదేళ్ల తర్వాత, కొత్త మోడల్ బండి స్టేషన్‌కు వచ్చాక, ఈ మనిషి ఈ పంపును ఇప్పుడు సరిగ్గా నడపగలడని బయటివాళ్లెవరైనా పరీక్షించి సంతకం చేయాలని చట్టంలో ఎక్కడ ఉంది?

పంపు పని ఎంత కష్టమో చూస్తే ఈ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది. చాలా స్టేషన్లలో కనిపించే పెద్ద బండి ట్యాంకు 4,500 లీటర్లు. నిమిషానికి 450 లీటర్లు వదిలే ఒక్క బ్రాంచ్ పైపు (హోస్ చివర నీళ్లు చిమ్మే గొట్టం) తెరిస్తే పది నిమిషాల్లో ఖాళీ. రెండు తెరిస్తే ఐదు నిమిషాలే. లోపల పొగలో పాకుతూ వెళ్లిన ఫైర్‌మన్‌కు ట్యాంకులో ఎన్ని నీళ్లు మిగిలాయో తెలియదు. బయట పంపు ప్యానెల్ దగ్గర నిలబడ్డ ఆపరేటర్‌కే తెలుసు. నీళ్లు ఎప్పుడు అయిపోతాయో ముందే పసిగట్టి లోపలివాళ్లకు చెప్పాల్సిందీ, రెండో బండి నుంచి నీళ్లు అందేలా చూడాల్సిందీ ఆయనే.

ప్రెషర్ లెక్క ఇంకో ఎత్తు. నీళ్లు పది మీటర్లు పైకెక్కితే సుమారు ఒక బార్ ప్రెషర్ పోతుంది. పదిహేను మీటర్ల ఎత్తులో మంట ఉంటే ఒకటిన్నర బార్ ఎక్కడానికే ఖర్చయిపోయింది. దీనికి తోడు హోస్ పైపు లోపలి రాపిడి. అదే పైపులో ప్రవాహం రెట్టింపైతే రాపిడి వల్ల పోయే ప్రెషర్ దాదాపు నాలుగింతలవుతుంది. ప్రెషర్ చాలకపోతే నీళ్లు మంటదాకా వెళ్లవు. ఎక్కువైతే బ్రాంచ్ పట్టుకున్నవాళ్లను వెనక్కి తోస్తుంది, నిచ్చెన మీద ఉంటే కిందికే పడేస్తుంది. రెండు లైన్లు నడుస్తుండగా ఒకదాన్ని ఎవరైనా ఠక్కున మూసేస్తే ఆ దెబ్బ రెండో లైన్ పట్టుకున్నవాళ్ల మీద పడుతుంది. గేజ్ మీద కన్ను, థ్రాటిల్ మీద చెయ్యి ఉన్నవాళ్లు ఆ క్షణంలోనే సర్దాలి. కాగితం, పెన్ను తీసి లెక్కలు వేసే టైమ్ అక్కడ ఉండదు.

ట్యాంకు అయిపోవస్తే చెరువో, బావో, అపార్ట్‌మెంట్ సంపో చూసుకోవాలి. బావి మీద మోటారు పెట్టిన రైతుకు ఈ బాధ బాగా తెలుసు: పైపులో గాలి చేరితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం ఎత్తదు. ఫైర్ పంపు కూడా సెంట్రిఫ్యూగల్ పంపే కాబట్టి తనంతట తాను గాలిని లాగలేదు. ప్రైమర్‌తో గాలి తీసేసి వాక్యూమ్ నిలిపితే తప్ప నీళ్లు అందుకోదు. నీళ్లు లాగే సక్షన్ పైపు కప్లింగ్‌లో ఒక్క వాషర్ సరిగ్గా కూర్చోకపోయినా ఎంత ప్రైమింగ్ చేసినా లాభం లేదు. వాతావరణ పీడనం లెక్కన పది మీటర్ల దాకా నీళ్లు పైకి రావాలి గానీ, ఆచరణలో ఏడు, ఏడున్నర మీటర్లు దాటితే పంపు తంటాలు పడుతుంది. ఎండాకాలం అడుగంటిన బావి దగ్గర బండి ఎక్కడ ఆపాలో తేల్చేది ఈ అంకె తెలిసినవాళ్లే.

రోడ్డు అనుభవం ఎదురుతిరిగే చోటు ఇంకొకటుంది. వచ్చే నీళ్లకన్నా ఎక్కువ నీళ్లు పంపు నుంచి తీయబోతే పంపు లోపల గరగరమని చప్పుడు మొదలవుతుంది, ప్రెషర్ ఊగిసలాడుతుంది. అప్పుడు థ్రాటిల్ తగ్గించి, కొంత డెలివరీ (నీళ్లు బయటికి వెళ్లే దారి) మూయాలి. కానీ పదేళ్లు లారీ నడిపిన చెయ్యి ఏం చేస్తుంది? బండి లాగడం లేదంటే యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కడం దానికి అలవాటు. ఇక్కడ థ్రాటిల్ పెంచితే పంపు పాడవుతుంది, లోపల ఉన్నవాళ్లకు నీళ్లు ఆగిపోతాయి. అన్ని డెలివరీలు మూసి ఉంచి పంపును అలాగే తిప్పినా లోపలి నీళ్లు వేడెక్కి సీళ్లు దెబ్బతింటాయి. ఇవి తెలివితేటలకు సంబంధించినవి కావు. చెయ్యి అలవాటు పడేదాకా చేయించాల్సిన పనులు. ఒకసారి నేర్చుకుని ఏడాదిపాటు చేయకపోతే మర్చిపోయే పనులు కూడా.

పరవాడ, జీడిమెట్ల, పాశమైలారం లాంటి పారిశ్రామికవాడల్లో పని ఇంకా జటిలం. సాల్వెంట్లు మండుతుంటే నీళ్లు కొట్టి ఆర్పలేం. ఫోమ్ కావాలి. ఫోమ్ ద్రవాన్ని 3 శాతమో 6 శాతమో, దాని డబ్బా మీద ఉన్న మోతాదులోనే నీళ్లలో కలపాలి. ఆల్కహాల్ లాంటి నీళ్లలో కలిసిపోయే సాల్వెంట్లకు మామూలు ఫోమ్ పనికిరాదు, దానికి తట్టుకునే రకం వేరే ఉంటుంది. ప్యానెల్ మీద సెట్టింగ్ తప్పితే ఉన్న కాస్త ఫోమ్ ఉత్తపుణ్యానికి అయిపోతుంది. మళ్లీ తెప్పించేదాకా మంట ఆగుతుందా?

ఇక రోడ్డు మీద. 4,500 లీటర్లంటే నాలుగున్నర టన్నుల బరువు, అదీ నిలకడగా ఉండని బరువు. ట్యాంకు సగం ఖాళీ అయ్యాక మలుపులో నీళ్లు ఒక పక్కకు ఒరిగితే బండీ ఒరుగుతుంది. ట్యాంకు లోపల అడ్డుపలకలు ఉన్నా వేగం ముందు వాటికీ ఓ హద్దుంది. అమెరికాలో విధి నిర్వహణలో చనిపోయే ఫైర్‌ఫైటర్ల లెక్కల్లో గుండెపోటు లాంటి వాటి తర్వాత చాలా ఏళ్లు రెండో స్థానంలో నిలిచింది వాహన ప్రమాదాలే. మన చట్టం ఎదుటి వాహనాల సంగతి పట్టించుకుంది. 2019 సవరణతో వచ్చిన 194ఈ సెక్షన్ ప్రకారం ఫైర్ ఇంజిన్‌కు, అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మంచిదే. దారి ఇచ్చేవాడి మీద ఇంత దృష్టి పెట్టినప్పుడు, ఆ దారిలో సైరన్ మోగిస్తూ దూసుకెళ్లేవాడి శిక్షణ మీద కూడా ఒక్క వాక్యం రాయాల్సింది.

ఇదంతా పేద దేశంలో సాధ్యమా అని అడిగేవాళ్లు శంషాబాద్ ఎయిర్‌పోర్టు వైపు చూస్తే చాలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం రన్‌వే మీద ఏ చోటికైనా మూడు నిమిషాలు దాటకుండా ఫైర్ బండి చేరాలి, రెండు నిమిషాల్లో చేరడం లక్ష్యం. బండి కదులుతుండగానే ఫోమ్ కొట్టగలగాలి. అందుకే అక్కడ డ్రైవింగ్, పంపు ఆపరేషన్ విడివిడి నైపుణ్యాలుగా నేర్పుతారు, మళ్లీ మళ్లీ డ్రిల్ చేయిస్తారు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఢిల్లీలో, కోల్‌కతా దగ్గర నారాయణ్‌పూర్‌లో సొంత ఫైర్ శిక్షణ కేంద్రాలున్నాయి. అంత పట్టింపు ఎందుకంటే ఫైర్ సర్వీసు స్థాయి పడిపోతే పెద్ద విమానాల రాకపోకలకే చిక్కు వస్తుంది, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడుగుతుంది. ఇక ఊళ్లోకి వస్తే, హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మేలో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. భోయిగూడ స్క్రాప్ గోదాము మంటల్లో 2022 మార్చిలో 11 మంది బిహారీ కూలీలు చనిపోయారు. ఆ ప్రాణనష్టానికి డ్రైవర్ల శిక్షణే కారణమని నేను అనడం లేదు. ఇరుకు దారులు, ఒక్కటే గుమ్మం, లోపల మెట్లు, ఇంకా చాలా ఉన్నాయి. కానీ అలాంటి సందుల్లోకే రోజూ బండి వెళ్తోంది. ముందు వెళ్లిన బండి తప్పు చోట ఆగితే వెనకొచ్చే నిచ్చెన బండికి చోటుండదు. రన్‌వే మీద వెళ్లే బండికి ఉన్న పట్టింపులో సగమైనా పాతబస్తీ సందులోకి వెళ్లే బండికి ఉండాలి కదా.

అమెరికా పద్ధతి గురించీ చెప్పాలి, అయితే గొప్పగా కాదు. అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 1002 అనే ప్రమాణం చాలా ఏళ్లుగా ఈ ఉద్యోగి ఏమేం చేసి చూపించాలో చెప్తూ వచ్చింది: బండి రోజువారీ తనిఖీ, శంకుల మధ్య వంకరటింకరగా నడపడం, ఇరుకు చోట రివర్స్, ట్యాంకు నుంచి, హైడ్రంట్ నుంచి, చెరువు నుంచి నీళ్లు లాగడం, ఒక బండి నుంచి ఇంకో బండికి రిలే. 2024లో దాన్ని ఎన్‌ఎఫ్‌పీఏ 1010లో కలిపారు. అయినా అది చట్టం కాదు, పాటించాలా వద్దా అన్నది ఆయా విభాగాల ఇష్టం. చాలా చోట్ల ఫైర్ బండి నడిపేవాళ్లకు కమర్షియల్ లైసెన్స్ నుంచే మినహాయింపు ఉంది. అక్కడి నుంచి తెచ్చుకోదగ్గది ఒక్కటే: పరీక్ష పెట్టడం శిక్షణ ఇచ్చినవాళ్ల చేతిలోనే పూర్తిగా ఉండిపోకుండా ప్రో బోర్డ్ లాంటి బయటి సంస్థల పర్యవేక్షణ ఉండటం.

మన దగ్గర చట్టంలో చోటు లేక కాదు. మోటారు వాహనాల చట్టం 10వ సెక్షన్ లైసెన్స్ తరగతుల్లో చివరన 'నిర్దిష్ట వివరణ గల మోటారు వాహనం' అనే తరగతి కూడా పెట్టింది. ఫైర్ బండిని దాని కింద విడిగా గుర్తించొచ్చు. ఇప్పుడు ఇది ఇంకా అవసరమైంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను లైట్ మోటార్ లైసెన్స్‌తోనే నడపొచ్చని తేల్చింది. సందుల్లోకి వెళ్లే చిన్న ఫైర్ బండ్లు, సన్నటి నీటి తుంపర కొట్టే మిస్ట్ జీపులు చాలావరకు ఆ బరువు లోపే ఉంటాయి. జీవనోపాధి కోసం ఆటో, చిన్న ట్రాలీ నడిపేవాళ్లకు ఆ తీర్పు ఊరట, సంతోషించాలి. ఫైర్ బండికి మాత్రం బరువు కొలమానం కాకూడదు. చిన్న బండిలోనూ పంపు ఉంటుంది.

సిబ్బందే లేరు, ఉన్న ఒక్క డ్రైవర్‌ను శిక్షణకు పంపితే స్టేషన్ ఎవరు చూస్తారు అని శాఖలో ఉన్నవాళ్లు అంటారు. న్యాయమైన మాటే. అందుకే డ్రైవర్‌ను పరీక్ష దగ్గరికి పిలవడం కాకుండా పరీక్షే స్టేషన్ దగ్గరికి వెళ్లాలి. పంపు పరీక్షకు కావాల్సింది ఒక చెరువు లేదా బావి, అదే స్టేషన్ బండి, గేజ్‌లు చూసి రాసుకునే ఇద్దరు మనుషులు. ఒక పూట పని. అదే పూట మిగతా ఫైర్‌మన్‌లకూ పంపు పరీక్ష పెడితే డ్రైవర్ సెలవులో ఉన్న రోజు ప్యానెల్ దగ్గర నిలబడటానికి ఇంకో ఇద్దరు తయారవుతారు. ఇంకో భయం, సర్టిఫికెట్ కాస్తా కాగితంగా మారడం. ఆర్టీఏ ఆఫీసు బయట బ్రోకర్లను చూసిన మనకు ఆ భయం ఉండటంలో వింత లేదు. దానికి మందు, పరీక్షకుడు వేరే జిల్లా నుంచి రావడం, హాజరు పట్టీ చూసి కాకుండా నీళ్లు అందుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, ప్రెషర్ ఎంతసేపు నిలిచిందో చూసి మార్కులు వేయడం. పాసైన వాళ్లకు జీతంలో కొంత అలవెన్సు కలిపితే ఈ పరీక్ష శిక్షలా అనిపించదు.

డబ్బు మాట వస్తే, 2023 జూలైలో కేంద్రం రాష్ట్రాల ఫైర్ సర్వీసుల విస్తరణ, ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకం మొదలుపెట్టింది. అందులో 500 కోట్లు చట్టపరమైన, మౌలిక సదుపాయాల సంస్కరణలు చేసే రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా ఉంచింది. కొత్త బండ్లు కొన్నప్పుడు జెండా ఊపి ప్రారంభిస్తారు, ఫొటోలు వస్తాయి. ఆపరేటర్‌కు ఆ బండి మీద ఎన్ని రోజులు నేర్పారన్నది మాత్రం ఎక్కడా రాదు. కొనుగోలు ఒప్పందంలోనే కంపెనీ ఇచ్చే శిక్షణ రోజులు, పరీక్ష షరతు పెట్టొచ్చు. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆపరేటర్ సర్టిఫికెట్ చూపించేదాకా చివరి బిల్లు చెల్లించకూడదన్న ఒక్క షరతును రెండు రాష్ట్రాల ఫైర్ శాఖలు వచ్చే టెండర్‌లోనే రాయొచ్చు.