సాటి ఆర్టిస్టు సినిమా చెట్టు గారికి

నిడదవోలు

మహారాజశ్రీ కుమారదేవం సినిమా చెట్టు గారి సముఖమునకు,

సాటి ఆర్టిస్టు నమస్కరించి వ్రాయునది. ‘ఉభయకుశలోపరి’ అని మొదలెట్టబోయి ఆగిపోయాను. 2024 ఆగస్టులో తమరు గోదారి గట్టు మీద ఒరిగిపోయారని పేపర్లో చదివాక ఆ మాట రాయడానికి చెయ్యాడలేదు.

నేనెవరో తమరికి గుర్తుండకపోవచ్చు. మీ నీడన పంచాయితీ సీను తీసినప్పుడల్లా ప్రెసిడెంటు గారి కుర్చీ వెనక, ఎడంపక్క, తువ్వాలు భుజాన వేసుకుని నించునే మూడోవాణ్ణి. మనం కలిసి నాలుగు సినిమాలు చేశాం. మీరు నాలుగింట్లోనూ కనిపించారు. నేను రెండింట్లో కనిపించాను. మోకాలు కూడా లెక్కలోకి తీసుకుంటే మూడు.

ఈ ఉత్తరం అసూయతోనే రాస్తున్నానండి, దాపరికం లేదు.

మన గోదారి జిల్లాల్లో వేషం కావాలంటే ముందు రైలు టిక్కెట్టు కొనాలి. పాలకొల్లు నించి అల్లు రామలింగయ్య గారు, రాజమండ్రి నించి రాజబాబు గారు, మొగల్తూరు నించి చిరంజీవి గారు అలా రైలెక్కినవాళ్ళే. బ్రహ్మానందం గారైతే అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే ఉద్యోగం వదులుకుని మరీ వెళ్ళారు. 1936లోనే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు. అది నిలబడి ఉంటే ఇంత మందికి రైలు ఛార్జీలు మిగిలేవి. సర్లెండి. మీరొక్కరే ఉన్నచోటే ఉన్నారు. వంశీ గారి లాంటి దర్శకులే మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. అలా 300 సినిమాల దాకా చేశారంటారు. ఒక్క ఆల్బమ్ తీయించుకోలేదు, ఒక్క ఆఫీసు బయట కూర్చోలేదు, ‘మళ్ళీ ఫోన్ చేస్తాం’ అనే మాట ఒక్కసారి వినలేదు.

పైగా మీ టైమింగ్సు! నిద్రగన్నేరు జాతి కదా, పొద్దుగూకేసరికి ఆకులు ముడుచుకుని పడుకుంటారు. ఆరు దాటాక ‘ఇంకొక్క షాట్, గురూగారూ’ అని ఏ కోడైరెక్టరూ మిమ్మల్ని లేపలేడు. మమ్మల్నేమో తెల్లారగట్ట అయిదింటికి వ్యాన్ ఎక్కించి, రాత్రి పదకొండింటికి దింపుతూ ‘రేపు కూడా ఇదే తువ్వాలు తెచ్చుకోండి, ఉతక్కండి, కంటిన్యుటీ’ అంటారు. ‘మీ సంపాదనలో లేని కంటిన్యుటీ మీ తువ్వాలుకి దేనికండీ?’ అంది మా ఆవిడ. దానికి నా దగ్గర డైలాగు లేదు.

డబ్బుల విషయంలోనూ మీరే నయం. మీకు బేటా, అదే రోజువారీ భత్యం, ఇవ్వరని మీకు మొదట్నించీ తెలుసు. నాకు ఇస్తామన్నారు. నా కుర్రతనంలో పద్యనాటకంలో నక్షత్రకుడి వేషం కట్టాను. ఆ అనుభవం సినిమా నటనకి పనికిరాలేదు గానీ వసూళ్ళకి అక్కరకొచ్చింది. ఒక మేనేజరు గారి వెంట రావులపాలెం అరటికాయల మార్కెట్టు దాకా పడ్డాను. ఆయన అక్కడే నిలబడి, మూడు రోజుల బేటా కింద ఒక చక్కెరకేళి గెల కొనిచ్చి, చెయ్యి కలిపి వెళ్ళిపోయారు.

ఇక ఎదుగుదల అంటారా, 22 ఏళ్ళలో నేనూ ఎదిగానండి. గుంపులోంచి డైలాగు ఉన్న గుంపులోకి వెళ్ళాను. ‘అవునండయ్యా, నేనూ చూశాను’ అన్నది నా తొలి డైలాగు. హాల్లో చూస్తే గొంతు నాది కాదు. నా యాస గోదారి యాసలా లేదట, హైదరాబాద్‌లో ఎవరిచేతో డబ్బింగ్ చెప్పించారు. ఆయన చివర్లో ఒక ‘ఆయ్’ కూడా కలిపాడు. నిడదవోలు రైస్ మిల్లులో గుమాస్తా పని చేస్తూ అంత పొడుగు ‘ఆయ్’ నేను ఏ రైతు నోటా వినలేదు.

కిందటేడు హీరోయిన్ తండ్రి వేషం అన్నారు. మిల్లుకి సెలవు పెట్టి, గడ్డం గీయించుకుని వెళ్ళాను. తీరా చూస్తే గోడ మీద ఫోటో. కథ మొదలయ్యేసరికే నేను పోయాను. ‘అంకుల్, కొంచెం పోయినట్టు నవ్వండి’ అన్నాడు కెమెరా కుర్రాడు. పరిషత్తు నాటకాల్లో రకరకాల నవ్వులు నవ్వాను గానీ ఆ నవ్వు ఏ గురువూ నేర్పలేదు. ఏదో నవ్వాను. బాగుందన్నారు, దండ వేశారు, బొట్టు పెట్టారు. పది నిమిషాల్లో ప్యాకప్.

సినిమా టీవీలో వచ్చిన రోజు మా మనవరాలు ‘తాతకి దండ!’ అని చప్పట్లు కొట్టింది. మా ఆవిడ లేచి టీవీ కట్టేసింది. కానీ నిజం చెప్పొద్దూ, నేను తెర మీద అంతసేపు కనిపించింది ఆ సినిమాలోనే. హీరోయిన్ ఏడుపొచ్చినప్పుడల్లా నా దగ్గరికే వచ్చింది. పదకొండు సార్లు. లెక్కపెట్టాను. ఆ తర్వాత అదే ఫోటో ఇంకో సినిమాలో కనిపించింది, నాకు చెప్పనైనా చెప్పలేదు. అందులో నేను విలన్ తండ్రిని. నవ్వు మాత్రం అదే.

మీ స్థాయి ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. 150 ఏళ్ళు నిలబడినంతకాలం ఏ టైటిల్సులోనూ నాకు మీ పేరు కనపడలేదు. మీరు పడ్డాక గానీ పేరు పడలేదు. టీవీల వాళ్ళు వచ్చారు, కొమ్మల మీద చెయ్యేసి సెల్ఫీలు దిగారు. బతికుండగా నాకు దండ వేస్తే మా ఆవిడ టీవీ కట్టేసింది. మీ వార్త వచ్చిన రోజు మాత్రం కట్టనివ్వలేదు, చూస్తూ కూర్చుంది.

మొదట్లోంచి మళ్ళీ చిగురు పెట్టారని ఈమధ్య ఎవరో అన్నారు. అదే నిజమైతే ఒక్క మాట. ఈసారి మిమ్మల్ని ఫ్లాష్‌బ్యాక్‌లో మీ చిన్నప్పటి వేషానికే అడుగుతారు. కొత్త ఫేస్ అంటారు, పేరొస్తుందంటారు, మొదటి సినిమాకి డబ్బుల మాట ఎత్తొద్దంటారు. అడ్వాన్సు చేతిలో పడేదాకా ఒక్క ఆకు కూడా విప్పకండి.

పంచాయితీ సీను పెడితే మాత్రం ఎడంపక్క మూడోవాడి చోటు అట్టేపెట్టమనండి. తువ్వాలు ఇంకా ఉతకలేదు.

ఇట్లు,
తమ నీడన నించున్న
మూడోవాడు