పాల్దాల్‌మున్ ద్వారం పక్కన లేని గోడ గారికి

గౌరవనీయులైన గోడ గారికి,

నమస్కారం. మీరు ఏ దిక్కున లేరో సరిగ్గా తెలియదు కాబట్టి నాలుగు దిక్కులకూ తిరిగి పెడుతున్నాను. మీకు ఎటు వీలైతే అటు తీసుకోండి.

మొన్న శనివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా సువాన్ బజారులో, సాక్సుల బండికీ ఎండుచేపల కొట్టుకీ మధ్య, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పులిహోర డబ్బా పట్టుకుని పిచ్చివాడిలా తిరిగింది నేనే. నా వెనకాల మోకాలు పట్టుకుని మా అమ్మ, ఆమె వెనకాల ఏమీ అనకుండా మా నాన్న. ఆయన ఏమీ అనకపోవడమే అసలు భయం. 34 ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, తప్పు ఎక్కడ జరిగిందో మనంతట మనం కనుక్కునేదాకా అలా చూస్తూ నిలబడతాడు. మీరూ చూసే ఉంటారు అని రాద్దామనుకున్నాను, చూడాలంటే ముందు మీరు ఉండాలి కదా.

అసలు మాట ఇచ్చింది నేను, నా మాట పోగొట్టింది మీరు. అమ్మానాన్నలు కొరియాకి రావడం ఇదే మొదటిసారి, అమ్మకి మోకాలు అంతంతమాత్రం, నాన్నకి చరిత్ర అంటే ప్రాణం. సువాన్ ఊరి చుట్టూ ఉన్న హ్వాసొంగ్ కోట చూపిస్తానన్నాను. "చుట్టుకొలత ఎంత?" అన్నారు నాన్న. 5.7 కిలోమీటర్లన్నాను. "క్లోజ్డేనా?" అన్నారు. "క్లోజ్డే నాన్నా, ఎక్కడ మొదలుపెడితే తిరిగి అక్కడికే వస్తాం" అన్నాను, ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. అది విని అమ్మ, "అయితే ప్రదక్షిణే కదరా, కోట కుడిచేతి వైపు ఉండేలా నడుద్దాం, ఒకసారి మొదలెట్టాక మధ్యలో మాత్రం ఆపకూడదు" అంది. సరే, ఉత్తర ద్వారం జాంగాన్‌మున్ దగ్గర మొదలుపెట్టి తూర్పు, దక్షిణం, పడమర. సాయంత్రానికి పాల్దాల్ కొండ మీద సొజాంగ్‌దే మండపం దగ్గర సూర్యాస్తమయం, అక్కడి నుంచి దిగుతూ పడమటి ద్వారం బయట గోడ కింద తెల్లగా ఊగే రెల్లు పూలు. నవంబరు మొదటి వారంలో వాటిని చూడకపోతే సువాన్‌లో ఉండి ఏం లాభం? ఇదీ ప్లాను.

మీ అన్నదమ్ముల గురించి ఒక్క మాట చెడ్డగా చెప్పను. ఉత్తరపు గోడ మీద వరసగా నల్లజెండాలు. "ఎవరి మీదరా నిరసన?" అన్నారు నాన్న. ఉత్తరానికి నలుపు, తూర్పుకి నీలం, దక్షిణానికి ఎరుపు, పడమటికి తెలుపు అని చెప్పాను, దారి తప్పే ప్రశ్నే లేదు, రంగు చూసుకుంటూ పోవడమే అని కూడా చెప్పాను, నా నోరు ఊరుకోదు. ఏడు తూముల్లోంచి ఏరు కిందికి దూకే హ్వాహోంగ్‌మున్ దగ్గర అమ్మ పావుగంట కదల్లేదు. దాని పక్కన బాంగ్‌హ్వాసుర్యుజొంగ్ మండపం, పేరు పలికేలోపు పొద్దుగూకుతుంది కానీ కింద కొలను, చుట్టూ పండిన ఆకులు, బాగుంది, కొలను ఒడ్డంతా చాపలు పరిచి ఫొటోల కోసమే కూర్చున్న జంటలను దాటుకుని వెళ్ళగలిగితే ఇంకా బాగుంటుంది. విలువిద్య మైదానంలో నాన్న వేసిన బాణాల్లో ఒక్కటీ గురి దగ్గరికి పోలేదు, గాలిదే తప్పట. మేం చెమటలు కక్కుతుంటే పక్కనుంచి టూరిస్టు బండి ఒకటి, అందులోంచి జనం మాకు చేతులు ఊపడం! బస్టాపు దగ్గర రాలిన గింకో పళ్ళు తొక్కిన నా బూటు సంగతి ఇక్కడ వద్దు, అది వేరే లేఖ.

తూర్పు వైపు అయిదు పొగగొట్టాల సంకేత బురుజు ఉంది, మీకు తెలుసుగా. అంతా ప్రశాంతంగా ఉంటే ఒకటే వెలిగిస్తారు, శత్రువు దగ్గరయ్యే కొద్దీ పెంచుకుంటూ పోయి, యుద్ధం మొదలైతే అయిదూ. అక్కడికి వచ్చేసరికి మా ఇంట్లో ఒకటే వెలుగుతోంది. అమ్మ నవ్వుతోంది, నాన్న అడుగులు లెక్కపెడుతున్నారు.

ఆ తర్వాత మెట్లు దిగాం, ఏటి మీది దక్షిణపు నీటి ద్వారం నామ్‌సుమున్ దాటాం, మీ వంతు వచ్చింది.

గోడ ఆగిపోయింది. మలుపు తిరిగిందేమో అనుకున్నా. అటు చూస్తే బట్టల కొట్టు. దాని వెనక ఉందేమో అనుకున్నా, దాని వెనక ఇంకో బట్టల కొట్టు. దూరంగా ఎర్రగా ఏదో ఎగురుతోంది, దక్షిణానికి ఎరుపు కదా, "అదిగో నాన్నా" అని ఇద్దర్నీ సందులోంచి లాక్కెళ్ళాను, తీరా చూస్తే దుప్పట్లు సగం ధరకి అమ్ముతున్న బ్యానర్. అక్కణ్ణుంచి ఇంకో సందు, అల్లం వెల్లుల్లి గుట్టలు, ముంతల్లో కిమ్చీ, మళ్ళీ సాక్సుల బండి. ఇందాక చూసిన బండే. చివరికి ఎలాగో దక్షిణ ద్వారం పాల్దాల్‌మున్ కనిపించింది, రోడ్ల కూడలి నడిబొడ్డున, చుట్టూ బస్సులు తిరుగుతుంటే, అటొక గోడా ఇటొక గోడా లేకుండా, వరదలో చిక్కుకున్న పెద్దాయనలా ఒంటరిగా నిలబడి ఉంది. ఆ పేరుకి అర్థం ఏంటో తెలుసా మీకు? అన్ని దిక్కులకూ దారులు తెరుచుకునే ద్వారం. అన్ని దిక్కులకూ! నాకు కావాల్సింది ఒకే ఒక్క దిక్కు, అది తప్ప మిగతావన్నీ దొరికాయి.

బోర్డు ఉందిగా అంటారేమో. ఉంది. నాలుగున్నరకి చూశాను, కూరగాయలామె గొడుగు వెనకాల. ఆమెనే అంతకుముందు రెండుసార్లు దారి అడిగాను, రెండుసార్లూ చేతిలో ముల్లంగితో కొండ వైపు చూపించింది. ముల్లంగి అమ్ముతోంది అనుకున్నాను.

ఇంక మర్యాదలు నా వల్ల కాదు. నీ సంగతి నీతోనే మాట్లాడతా.

1794లో పని మొదలుపెట్టి 1796 కల్లా ముగించారు నిన్ను, నీ బలగాన్ని. పదేళ్ళు పడుతుందనుకున్న పని మూడేళ్ళు కూడా పట్టలేదు. ఎవరు ఏ పని చేశారు, ఎంత కూలి తీసుకున్నారు, ఎన్ని రాళ్ళు, ఎంత ఇనుము, ఏ యంత్రానికి ఎన్ని కప్పీలు, బొమ్మలతో సహా అంతా రాసి 1801లో పుస్తకం అచ్చు వేశారు. ఆ పుస్తకం దగ్గర పెట్టుకునే కదా, కొరియా యుద్ధంలో కూలిపోయిన మీవాళ్ళందర్నీ 1975 నుంచి 1979 దాకా మళ్ళీ నిలబెట్టింది? పొద్దున మేం బయలుదేరిన జాంగాన్‌మున్ కూడా అలా తిరిగి లేచిందే. నీ పక్కింటి నామ్‌సుమున్ 1922 వరదల్లో కొట్టుకుపోయి, 90 ఏళ్ళు సెలవులో ఉండి, 2012లో బుద్ధిగా వచ్చి డ్యూటీలో చేరింది. సొజాంగ్‌దేని 2006లో ఒకడు తాగి తగలబెడితే అదీ లేచి నిలబడింది. 1997లో యునెస్కో వాళ్ళు వచ్చి తల ఊపి వెళ్ళారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నువ్వు ఒక్కదానివి. హాజరుపట్టీలో పేరుంది, క్లాసులో మనిషి లేదు. పోనీ నీది కిలోమీటర్ల లెక్కా అంటే అదీ కాదు, కొన్ని వందల మీటర్లు! ఆ కొన్ని వందల మీటర్లకి నాకు రెండు గంటలు పట్టింది!

పైగా ఈ కోట కట్టింది ఎవరు? జొంగ్‌జో రాజు. ఎందుకు కట్టాడు? 1762లో సొంత తాతే ఈయన నాన్నని బియ్యం పెట్టెలో పెట్టి మూయిస్తే, ఎనిమిది రోజులకి ఆయన అందులోనే ప్రాణం వదిలాడు. పదేళ్ళ పిల్లాడు అప్పటికి ఈయన. పెద్దవాడై సింహాసనం ఎక్కాక నాన్న సమాధిని ఈ దగ్గరికి మార్పించి, ఇక్కడ ఊరు కట్టి, ఊరి చుట్టూ నిన్ను కట్టాడు. ఈ కథంతా పొద్దున్నే మా నాన్నకి చెప్పాను, ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు కూడా. అలాంటి చోట, నాన్న కోసం కోటే కట్టిన కొడుకు ఊళ్ళో, నాన్నకి కోట చుట్టూ తిప్పి చూపించడం కూడా చేతకాని కొడుకుగా నన్ను నిలబెట్టావు చూడు, దుప్పట్ల బ్యానర్ కింద, అది మర్చిపోలేకపోతున్నా. 1794 ఎండాకాలంలో రాళ్ళు మోసే కూలీలకి వడదెబ్బ తగలకుండా మాత్రలు పంచిపెట్టాడట ఆ రాజు. మా అమ్మ మోకాలికి నువ్వేం పంచావు? సాక్సులు! పది జతలు కొంది. బేరం ఆడింది కూడా, ఆమెకి కొరియన్ రాదు, వాళ్ళకి తెలుగు రాదు, ఇద్దరూ గెలిచినట్టే మొహాలు పెట్టారు.

అప్పటికి బురుజు మీద అయిదు పొగగొట్టాలూ వెలుగుతున్నాయి. ఆకలి కూడా కలిసింది. ఇక్కడ నీకు ఇంకో విషయం చెప్పాలి. మా ఇంట్లో శనివారం నీచు ముట్టరు. నువ్వు మమ్మల్ని వదిలేసింది ఎక్కడ? ఏటి పక్క వీధి, పెద్ద పెద్ద బాణలి మూకుళ్ళలో కోడిని కోడిగా వేయించే వీధి. కొట్టు తర్వాత కొట్టు, ఆ వాసన! నాన్న ఒక కొట్టు ముందు ఆగి అద్దంలోంచి లోపలికి చూస్తూ, "నూనె బాగానే మారుస్తున్నట్టున్నారు" అన్నారు, ఏదో ఆరోగ్యశాఖ తనిఖీకి వచ్చినట్టు. అమ్మ ఆయన వైపు చూసింది. ఇంకో కొట్టు ముందు ఆగలేదు.

పులిహోర తినడానికి చోటు వెతుక్కుంటే దొరికింది ఎక్కడో తెలుసా, రాజుగారి దగ్గరే. బజారులో జొంగ్‌జో విగ్రహం ఉంది, గుర్రం మీద కాదు, కత్తితో కాదు, మందు బల్ల ముందు కూర్చుని పోస్తూ. మత్తెక్కనిదే ఇంటికి పోవద్దు అన్న ఆయన మాట కూడా అక్కడే ఉంది. ఆయన ఎదురుగా మేం ముగ్గురం, ప్లాస్టిక్ స్పూన్లతో, చల్లారిన పులిహోర.

అప్పుడు నోరు విప్పారు నాన్న. "పొద్దున చెప్పావే, ఉత్తరం వైపు ఇళ్ళు పోతాయని రాజు గోడని వంపు తిప్పించాడని?" చెప్పాను, నిజమే. గీత గీసిన చోట గోడ కడితే జనం ఇళ్ళు బయటపడిపోతాయంటే, మూడుసార్లు వంచైనా సరే ఇళ్ళని లోపలికి తీసుకోండి అన్నాడట. "ఈ బజారు ఎవరు పెట్టించారు?" ఆయనే, వ్యాపారులకి పెట్టుబడి ఇచ్చి మరీ రప్పించాడు. "మరింకేంటి? ఆయన మూడుసార్లు వంచాడు, వీళ్ళు నాలుగోసారి మొత్తం మడతపెట్టి కొట్టు తెరిచారు. మన వరంగల్ మట్టికోటలో ఇళ్ళు లేవా?" అని డబ్బా అడుగున మిగిలిన పల్లీలు ఏరుకున్నారు. నేను రెండు గంటలు చెమటోడ్చి సంపాదించుకున్న కోపం, ఆయన ఒక్క లెక్కలో కొట్టేశారు. నాకు మాత్రం ఇంకా ఉంది, అది వేరే విషయం.

చివరికి ముల్లంగి చూపించిన సందులోంచి పోతే కొట్ల వెనకాల దొరికింది మిగతా గోడ, నిట్టనిలువుగా కొండెక్కుతూ. దాని పక్కనే మెట్లు. కోట కట్టేటప్పుడు రాళ్ళు ఎత్తడానికి జొంగ్ యాక్‌యోంగ్ అనే పండితుడు కప్పీలతో యంత్రం చేశాడు కదా, అమ్మలని ఎత్తడానికి ఎవరూ ఏమీ చేయలేదు. ఏడో మెట్టు మీద కూర్చుండిపోయింది. కొండ మాకు పడమర, సూర్యుడు అప్పటికే కొండ చాటుకి పోయాడు, పైన చెట్ల కొనలు మాత్రం ఎర్రగా వెలుగుతున్నాయి. సూర్యాస్తమయం జరిగింది, కొండకి అవతల, మేం లేకుండా. రెల్లు పూలూ ఊగే ఉంటాయి.

"అయితే ఇది వృత్తం కాదు" అన్నారు నాన్న. అమ్మ చాలాసేపు మోకాలు రుద్దుకుని, "ప్రదక్షిణ మధ్యలో ఆపామే" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. మళ్ళీ తనే, "ఆపిన చోటి నుంచే మొదలుపెడితే దోషం ఉండదులే" అంది. ఆపిన చోటంటే నువ్వే.

కాబట్టి మళ్ళీ వస్తున్నాం. నేను వచ్చే శనివారం అన్నాను. నాన్న వెంటనే వద్దన్నారు, ఆదివారం పెట్టమన్నారు. శనివారం జనం ఎక్కువట. అమ్మ ఆయన వైపు ఇంకోసారి చూసింది, కానీ ఏమీ అనలేదు.

ఇట్లు,
ఏడో మెట్టు మీద నుంచి,
ఒక లెక్కల మాస్టారి కొడుకు

తా.క.: సాక్సుల్లో ఒక జతకి రెండూ వేరే వేరే రంగులు, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. దక్షిణం, పడమర. మార్చుకోవడానికి ఆ బండి మళ్ళీ వెతకాలి.