బ్లడీ మేరీలో ఒక పోస్టు ఖాళీ

వోడ్కా, టమాటా రసం, నిమ్మకాయ, మిరియాలు, ఉప్పు, పైన ఒక సెలెరీ కాడ. బ్లడీ మేరీ అనే కాక్‌టెయిల్ గ్లాసును ఎటు తిప్పి చూసినా రైతుబజారు సంచీలాగే ఉంటుంది. నెత్తురు పేరులోనే ఉంది, గ్లాసులో లేదు. ఇంత శాకాహారాన్ని మళ్లీ వీగన్, అంటే పాలు, గుడ్డు, తేనె కూడా తగలనిదిగా చేయడమేమిటని అమాయకులు అడుగుతారు. ఫైలు తిరగేయనివాళ్ల ప్రశ్న అది. ఆ గ్లాసులో రెండు విదిలింపుల వూస్టర్ సాస్ పడుతుంది. ఆ సాస్‌లో నెత్తళ్లు ఉన్నాయి.

లీ అండ్ పెరిన్స్ పేరుతో 1837 నుంచి ఇంగ్లండులోని వూస్టర్ ఊళ్లో అమ్ముతున్న ఆ సీసా వెనక చీటీ చదవండి. వెనిగర్, మొలాసిస్, పంచదార, ఉప్పు, ఆంకోవీ చేప, చింతపండు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా దినుసులు. కోనసీమలో ఎవరికి చదివి వినిపించినా ఇదేమిటో ఠక్కున చెప్పేస్తారు: నెత్తళ్ల పులుసు. కాకపోతే ముల్లు కూడా మిగలనంతగా ఊరబెట్టి, వడగట్టి, సీసాలో పట్టి, నోరు తిరగని పేరు పెట్టారు.

నెత్తళ్లకు ఈ ఉద్యోగం ఊరికే రాలేదు. 1934లో న్యూయార్క్ సెయింట్ రీజిస్ హోటల్ బారులో చేరిన ఫెర్నాండ్ పెటియో, ముప్పయ్యేళ్ల తర్వాత 1964లో లెక్క చెప్పాడు. తనకు ముందు నటుడు జార్జ్ జెసెల్ పేరు మీద చలామణీ అయింది ఉత్త వోడ్కా, టమాటా రసమేనట. పెటియో షేకర్ అడుగున నాలుగు పెద్ద విదిలింపుల ఉప్పు, రెండేసి విదిలింపుల మిరియాల పొడి, కారం వేసి, వాటి మీద ఒక పొర వూస్టర్ సాస్ పోసేవాడు. ఆ తర్వాతే నిమ్మరసం, ఐసు, వోడ్కా, చిక్కటి టమాటా రసం. అంటే మన చేప దొడ్డిదారిన వచ్చిన తాత్కాలిక ఉద్యోగి కాదు. పునాది నాటి నుంచి పర్మనెంటు.

ఇప్పుడు బ్రంచ్ (టిఫినూ భోజనమూ కలిపి ఒకేసారి కానిచ్చే పూట) పెట్టే హోటళ్లలో జరుగుతున్న అన్యాయం వినండి. వీగన్ గిరాకీ వచ్చి అడగ్గానే సాస్ తీసేస్తారు. ఆ స్థానంలో ఏమీ వేయరు. మెనూ కార్డులో పేరు పక్కన ఒక ఆకు బొమ్మ గీసి చేతులు దులుపుకుంటారు. పదవీ విరమణ జరిగింది, పోస్టు రద్దయింది, పని మాత్రం అలాగే పడి ఉంది. గిరాకీ చేతికి వచ్చేది తాలింపు వేయడం మరిచిపోయిన టమాటా చారు, అదీ చల్లారినది. దానికి టిప్పు కూడా ఇవ్వాలి.

అసలు నెత్తళ్లు ఆ సీట్లో కూర్చుని చేసిన పనేమిటి? టమాటాలో గ్లూటమేట్ అనే రుచి సరుకు ముందే ఉంది. నాలుక మీద నిలిచే ఆ రుచిని 1908లో జపాన్‌లో కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి పట్టుకున్నాడు. 1913లో షింతారో కొడామా ఎండు చేపలో ఇనోసినేట్ అనే ఇంకో సరుకును పట్టుకున్నాడు. ఈ రెండూ ఒకే గుటకలో కలిస్తే రుచి కూడిక లెక్కన కాక హెచ్చవేత లెక్కన పెరుగుతుంది. కాబట్టే చేప పిసరంతైనా దాని ప్రభావం గ్లాసంతా. కలెక్టరాఫీసులో సంతకం పెట్టే గుమస్తా లాంటిది. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, సెలవు పెట్టిన రోజు జిల్లా ఆగిపోతుంది.

ఖాళీ కనిపించగానే ఇన్‌చార్జి బాధ్యతలకు ఎగబడేది సోయా సాస్. అంతర్జాలంలో సగం వంటకాలు దానికే ఉత్తర్వులు ఇచ్చేశాయి. అర్హత చూడండి. సోయా సాస్ తెచ్చేది ప్రధానంగా గ్లూటమేట్, ఉప్పు. టమాటా చేస్తున్న పనే మళ్లీ చేస్తుంది. ఇనోసినేట్ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. రుచి రావడం లేదని ఇంకో చెంచా పోస్తారు. అప్పుడు గ్లాసు ఉప్పు కషాయమై కూర్చుంటుంది, పైగా ఎరుపు పోయి ఇటుక రంగులోకి దిగుతుంది.

ఆ కుర్చీకి తగిన అభ్యర్థి ఎండు షిటాకే పుట్టగొడుగు. దానిలో గ్వానిలేట్ ఉంటుంది, చేపలోని ఇనోసినేట్ చేసే పనే అదీ చేస్తుంది. చేపకు దూరపు చుట్టం కూడా కాదు గనక కారుణ్య నియామకమన్న నింద రాదు. పచ్చి పుట్టగొడుగుకు మాత్రం ఈ ఉద్యోగం ఇవ్వకండి, దానిలో ఆ సరుకు నామమాత్రం.

విధివిధానాలు ఇవి. 15 గ్రాముల ఎండు షిటాకేను 250 మిల్లీలీటర్ల చన్నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. తొందరపడి మరిగే నీళ్లు పోసేవాళ్లకో మాట: గ్వానిలేట్‌ను తయారుచేసే ఎంజైము 60, 70 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది, మరిగే నీళ్లలో చచ్చిపోతుంది. మరీ గోరువెచ్చటి నీళ్లలో గంటల తరబడి నానబెడితే, తయారైన దాన్ని తినేసే ఇంకో ఎంజైము ఉంది. ఒకరు చేసిన ఫైలును ఇంకొకరు చింపేసే ఆఫీసు అన్నమాట. అందుకే చల్లగా నానబెట్టి, పొద్దున స్టీలు గిన్నెలో సన్నటి సెగ మీద పది నిమిషాల పాటు మెల్లగా వేడెక్కించాలి. గిన్నె అంచున చిన్న బుడగలు మొదలయ్యే దాకా ఓపిక పట్టాలి. అల్యూమినియం గిన్నె వాడితే రాబోయే పులుపుకు లోహపు కంపు వస్తుంది.

తర్వాత 120 మిల్లీలీటర్ల మాల్ట్ వెనిగర్, 60 మిల్లీలీటర్ల సోయా సాస్, 20 గ్రాముల చిక్కటి చింతపండు గుజ్జు, 30 గ్రాముల నల్లబెల్లం, పెనం మీద నల్లమచ్చలు వచ్చే దాకా కాల్చిన చిన్న ఉల్లిపాయ ఒకటి, చితక్కొట్టిన వెల్లుల్లి మూడు రెబ్బలు, నాలుగు లవంగాలు, పది మిరియాలు, రెండు ఎండుమిరపకాయలు, చిన్న అల్లం ముక్క. సోయా ఇక్కడ ఉందేమని అడగొచ్చు. ఉంది, సహాయకుడి హోదాలో. పుట్టగొడుగులు తీయకుండానే ఇరవై అయిదు నిమిషాలు సన్నటి సెగ మీద మరగనిస్తే దాదాపు 200 మిల్లీలీటర్లు మిగులుతుంది. వెనిగర్ ఆవిరికి ఇల్లంతా దగ్గుతుంది, కిటికీలు తీయండి. వడగట్టి సీసాలో పోసి వారం రోజులు ఫ్రిజ్‌లో మరిచిపోవాలి. మొదటి రోజు రుచి చూస్తే వెనిగర్ ఒక వైపు, లవంగం ఒక వైపు అరుచుకుంటూ ఉంటాయి. వారానికి సర్దుకుంటాయి. నెలన్నర లోపు వాడేయండి.

ఇక టమాటా. కుడిచేత్తో విలువలు మాట్లాడుతూ ఎడమచేత్తో ఉడికించని టమాటాలను మిక్సీలో వేసేవాళ్లు చాలామంది. పది నిమిషాల్లో అడుగున గుజ్జు, పైన పసుపుపచ్చ నీళ్లు. కోయగానే టమాటాలోని ఎంజైములు పెక్టిన్‌ను విరగ్గొట్టడం మొదలుపెడతాయి, చిక్కదనం దానితోనే పోతుంది. ముక్కలను కోసీ కోయగానే పెద్ద మంట మీద పొంగు రానిచ్చి, అప్పుడు జల్లెడలో రుద్దితే ఆ ఎంజైములు చస్తాయి, రసం చిక్కగా నిలుస్తుంది. డబ్బాల్లో రసం పట్టే కంపెనీలు చేసేదీ ఇదే. కాకపోతే డబ్బాల్లో ఉప్పు ముందే ఉంటుంది, చూసుకోవాలి. మదనపల్లె మార్కెట్ నుంచి వచ్చిన కాయో, పెరట్లో కాసిన పుల్లటి నాటు కాయో అయితే నిమ్మరసం తగ్గించండి.

ఘాటు సంగతి. పాశ్చాత్యులు హార్స్‌రాడిష్ దుంప తురుము వేస్తారు. సీసాలో దొరికేది దుంప, వెనిగర్, ఉప్పు అయితే ఇబ్బంది లేదు. తెల్లగా క్రీములా ఉంటే మాత్రం లోపల పాలో గుడ్డో దాక్కుని ఉన్నాయని అర్థం. చేపను వెళ్లగొట్టిన ఇంట్లోకి ఆవును పిలిచినట్టు. దుంప దొరక్కపోతే ఆవాలున్నాయి. రెండింటి ఘాటూ ఒకటే రసాయనం. అరచెంచా ఆవాలు నూరి చన్నీళ్లతో కలిపి పది నిమిషాలు వదిలేయాలి. ఆ తర్వాతే నిమ్మరసం తగలాలి. ముందే పులుపు తగిలితే ఘాటు పుట్టకముందే ఆగిపోతుంది, వేడినీళ్లు తగిలితే చేదు ఒక్కటే మిగులుతుంది. పొయ్యి మీద నుంచి దించాకే కూరలో ఆవపెట్టే ఇళ్లలో ఇది ఎవరికీ నేర్పక్కర్లేదు. మునగచెట్టును ఇంగ్లీషువాళ్లు హార్స్‌రాడిష్ చెట్టు అన్నారు, మన దేశంలో ఉన్న రోజుల్లో దాని వేరును అలా వాడుకున్నారు కూడా. మీరు వాడకండి, ఆ వేరు బెరడులో విషపదార్థాలున్నాయి.

ఒక గ్లాసుకు: 45 మిల్లీలీటర్ల వోడ్కా, 90 మిల్లీలీటర్ల టమాటా రసం, 10 మిల్లీలీటర్ల నిమ్మరసం, ఇంటి సాస్ చెంచాన్నర, ఆవముద్ద పావుచెంచా, మిరియాల పొడి, నాలుగు చుక్కల టబాస్కో. మామూలు లెక్కలో నిమ్మరసం 15 మిల్లీలీటర్లు. మన సాస్‌లో వెనిగర్, చింతపండు దండిగా ఉన్నాయి గనక ఆ అయిదూ కోత. టబాస్కోలో ఉన్నది మిరపపండు, వెనిగర్, ఉప్పు మాత్రమే, 1868 నుంచి ఆ సీసాకు ఏ పాపమూ తెలియదు. సెలెరీ గింజలు ఒక వంతు, ఉప్పు రెండు వంతులు నూరుకుంటే సెలెరీ ఉప్పు. చిటికెడు చాలు. సెలెరీ గింజ లేదని వాము వేస్తే బ్రంచ్ కాస్తా అజీర్తి వైద్యమవుతుంది.

కలపడానికి షేకర్‌లో బాదకండి. పెటియో ఊపాడు నిజమే, కానీ టమాటా రసం ఊపితే నురగ కట్టి పల్చనవుతుంది. రెండు పెద్ద గ్లాసులు తీసుకుని, పెద్ద ఐసు గడ్డలతో అయిదారుసార్లు ఇటు నుంచి అటు తిరగబోయాలి. టీ కొట్టు మాస్టరు చేసే పనే, ఎత్తు తక్కువ. బార్లలో దీనికి రోలింగ్ అని పేరు పెట్టి శిక్షణ ఇస్తారు. పదిమందికి చేయాలంటే నిమ్మ, ఆవ, వోడ్కా తప్ప మిగతావి రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. నిమ్మ, ఆవ రాత్రే వేస్తే తెల్లారేసరికి ఒకటి వాడిపోతుంది, ఇంకొకటి మూగబోతుంది.

వోడ్కా మీద అనుమానం అక్కర్లేదనుకుంటారు. గోధుమ, మొక్కజొన్న, బంగాళాదుంప వోడ్కాలకు అక్కర్లేదు కూడా. కానీ ఇంగ్లండులోని డోర్సెట్‌లో పాలవిరుగు నీళ్ల నుంచి వోడ్కా కాస్తున్నారు. చీటీ చదవండి. మన దేశంలో కొన్ని కంపెనీల వూస్టర్ సాస్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది, చేప లేదు. అయితే ఆకుపచ్చ చుక్క పాలకూ తేనెకూ కూడా అభ్యంతరం చెప్పదు. వీగన్‌కు వేరే ముద్ర 2022 నిబంధనలతో వచ్చింది. కొన్న సాసే వాడితే ఎండు షిటాకే పొడి ఒక చిటికెడు కలపండి. చేప లేదన్న సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన దాని పని జరిగిపోయినట్టు కాదు.

ఇంత కష్టపడి రెండు విదిలింపుల చేపను తొలగించాక గ్లాసు మీద ఏం నిలబెడుతున్నారో చూడండి. అమెరికాలోని మిల్వాకీలో ఒక పబ్బు బ్లడీ మేరీ మీద పూర్తి కోడిని వేయించి గుచ్చి ఇస్తుంది. వాళ్లను చూసి వీగన్లకు పంతం వచ్చింది. మూరెడు మొక్కల బేకన్ (అసలుది పంది మాంసపు పేలిక), సోయా రొయ్య, జీడిపప్పు జున్ను. బియ్యపు రేకులు రెండు తడిపి అంటించి, సోయా సాస్, పొగ వాసన ద్రావకం పూసి 200 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు కాల్చి బేకన్ అంటారు. కరకరలాడుతుంది, ఒప్పుకోవాలి. గ్లాసులో గుచ్చిన రెండు నిమిషాలకు చారులో పడ్డ అప్పడం. గుచ్చకుండా పక్కన పళ్లెంలో పెడితే సరిపోయేదానికి వినరు, ఫొటో రాదట.

తెలుగువాళ్లు చల్ల మిరపకాయ వేయించి గుచ్చుదామని ఉత్సాహపడతారు. పేరులోనే ఉంది, అది మజ్జిగలో మునిగి తేలింది. అనర్హురాలు. ఆవకాయ బద్ద పనికొస్తుంది: మామిడి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె. వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టక ముందే జాడీలో సిద్ధంగా కూర్చుంది. నూనె తుడిచి గుచ్చండి, లేదంటే గ్లాసు మీద తెట్టు కడుతుంది.

మిగిలింది పేరు. నెత్తురు పేరున్న పానీయాన్ని అహింసావాదులు ఎలా అడిగి తాగుతారని కొందరికి బెంగ. ఆ బెంగ సెయింట్ రీజిస్ హోటల్‌కు 1934లోనే వచ్చింది. మర్యాదస్థుల చెవిన ఆ మాట పడకూడదని పెటియో పానీయానికి వాళ్లు ఇంకో పేరు పెట్టారు, ఇప్పటికీ మెనూలో అలాగే రాస్తారు: రెడ్ స్నాపర్. అది చేప పేరు.