భూములు చూపడానికి బిట్రగుంట, రైళ్లు ఆపడానికీ బిట్రగుంటేనా?

రద్దయిన రైళ్ల జాబితా రైల్వే విడుదల చేస్తే అందులో నెల్లూరు జిల్లా బిట్రగుంట పేరు ఉందో లేదో వెతకనక్కర్లేదు, ఉంటుంది. విజయవాడ-బిట్రగుంట, బిట్రగుంట-చెన్నై రైళ్లను కొన్నేళ్లుగా ఇష్టమొచ్చినట్టు ఆపుతున్నారు. మూడో లైన్ పనులు, ప్రయాణికుల భద్రత అంటున్నారు అధికారులు. పనులు జరగాల్సిందే. కానీ ప్రతిసారీ ఆ భారం సామాన్యుడెక్కే రైలు మీదే ఎందుకు పడుతోంది? వందేభారత్‌ను ఇలాగే వారాల తరబడి ఆపగలరా?

బిట్రగుంట రైల్వే పెంచిన ఊరు. విజయవాడకు, మద్రాసుకు దాదాపు సరిసగం దూరం. ఆవిరి ఇంజన్‌కు అక్కడ బొగ్గు, నీళ్లు పట్టాలి. డ్రైవరు, బొగ్గు వేసే ఫైర్‌మన్ దిగితే కొత్త జట్టు ఎక్కాలి. అందుకే ఇంజన్లు నిలిపే లోకో షెడ్, యార్డు, వరసలు వరసలుగా క్వార్టర్లు, రైల్వే ఉద్యోగుల క్లబ్బు లాంటి ఇన్‌స్టిట్యూట్ వచ్చాయి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చి చేరాయి. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టి, డ్రైవర్ చేత పుస్తకంలో సంతకం పెట్టించుకుంటే గానీ బండి కదిలేది కాదు. 1980 నాటికి ఈ మార్గమంతా కరెంటు తీగలు పడ్డాయి. బిట్రగుంటతో పని తీరింది.

ఆవిరి ఇంజన్ పోయిందని మేం ఏడవడం లేదు. గుత్తికి డీజిల్ షెడ్ ఇచ్చారు, విజయవాడకు ఎలక్ట్రిక్ షెడ్ ఇచ్చారు. మరి బిట్రగుంటకు? ఏరు దాటాక తెప్ప తగలేశారు. తలుపులు, కిటికీలు ఊడిన క్వార్టర్లలో ఇప్పుడు సర్కారు తుమ్మ మొలుస్తోంది.

ఎన్నికలొస్తే మాత్రం ఇదే ఊరు బంగారమైపోతుంది. వందల ఎకరాల రైల్వే భూమి ఉంది, మెయిన్ లైన్ ఉంది, పక్కనే హైవే ఉంది, పరిశ్రమకు ఇంతకన్నా అనువైన చోటేదీ అని వేదికలెక్కి చెబుతారు. ఓట్లు పడ్డాక ఆ భూమి ఎవరికీ కనిపించదు. పరిశ్రమకు పనికొచ్చే ఊరు ఒక ప్యాసింజర్ రైలుకు పనికిరాదా? పొద్దున్నే చెన్నై వెళ్లి రాత్రికి ఇల్లు చేరే చిరువ్యాపారికి, ఆస్పత్రికెళ్లే రోగికి ఆ బండే దిక్కు. అది లేని రోజు బస్సుకు ఎన్ని రెట్లు పెట్టాలో ఈ నాయకులకు తెలుసా? 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ పరిధిలోకి బిట్రగుంట ఉన్న విజయవాడ డివిజన్ చేరితే అంతా మారిపోతుందన్నారు. బోర్డు మారితే బుద్ధి మారుతుందా?

నెల్లూరు జిల్లా ప్రజాప్రతినిధులు ముందు ఆ రెండు రైళ్లు రోజూ నడిచేలా చూడాలి. ఖాళీ భూమిలో ఏం పెడతారో, ఎప్పుడు పెడతారో రైల్వే చేత రాతపూర్వకంగా చెప్పించాలి. అదీ చేతకాకపోతే వచ్చే ఎన్నికల సభల్లో బిట్రగుంట పేరెత్తకండి.