ఫ్లైఓవర్ పక్కన మెరిసే బంగారు మోకాలికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బంగారు మోకాలు గారికి,

గుజ్జు అరిగిన వంశంలో పుట్టిన ఒకడు నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి. అలవాటుకొద్దీ కుశలమని రాశాను గానీ, మా ఇంట్లో యాభై దాటినవాళ్లెవరూ కింద కూర్చుని, గోడ పట్టుకోకుండా లేచిన దాఖలాల్లేవు.

మిమ్మల్ని, అంటే అరిగిన కీలు స్థానంలో ఆపరేషన్ చేసి పెట్టే కృత్రిమ మోకాలిని, మొదట విజయవాడలో ఫ్లైఓవర్ దిగుతూ హోర్డింగ్ మీద చూశాను. ధగధగలాడిపోతున్నారు. మీ పక్కన తెల్లజుట్టు పెద్దావిడ అలిపిరి మెట్ల మీద రెండు చేతులూ పైకెత్తి నవ్వుతోంది. 3,550 మెట్ల దారిలో ఉన్నా పట్టుచీర నలగలేదు, చెమట చుక్క లేదు. కింద ‘30 ఏళ్ల భరోసా’ అని పెద్ద అక్షరాలు, ఆ చివర చిన్న నక్షత్రం గుర్తు. ఆ గుర్తు సంగతేమిటో చదువుదామనుకునేలోపు వెనక ఆటో హారన్ కొట్టింది.

ముందు ఒక సందేహం తీర్చండి. మీలో బంగారం ఎంతండీ? నాకు తెలిసినంతలో రవ్వంత కూడా లేదు. ఆ పసుపు మెరుపు టైటానియం నైట్రైడ్ లాంటి పూతది. లేతు వర్క్‌షాపులో డ్రిల్లు బిట్ల మీద కనిపించే మెరుపు కూడా అదే. నికెల్ లాంటి లోహాలు పడనివాళ్లకి ఆ పూత అక్కరకొస్తుందంటారు, దానికి నేను అడ్డుచెప్పను. కానీ మోకాలు మార్పించుకోవడానికి ఆసుపత్రికెళ్లిన మా మేనత్తకి నికెల్‌తో పేచీ ఉందో లేదో ఎవరూ అడగలేదు. అడక్కుండానే ట్యాబ్‌లో మీ బొమ్మ చూపించారు.

కౌన్సెలర్ అమ్మాయి ఏసీ గదిలో కూర్చోబెట్టి ఓపిగ్గానే చెప్పింది. “ఇది బేసిక్ అమ్మా, ఇది ప్రీమియం, ఇది గోల్డ్.”

అత్త కళ్లజోడు సర్దుకుని చూసింది. “వన్‌గ్రామ్ గోల్డా అమ్మాయ్?”

“కాదమ్మా, ఇంపోర్టెడ్. ముప్పై ఏళ్లు వస్తుంది.”

“నాకిప్పుడు అరవై ఎనిమిది. తొంభై ఎనిమిదో ఏట ఇది పాడైతే క్లెయిమ్‌కి నేనే రావాలా, మా వాడు రావచ్చా?”

ఆ పిల్ల పాపం మేనేజర్‌ని పిలవడానికి వెళ్లింది. ఈలోపు అత్త నా చెవిలో, “లోపల పెట్టి కుట్టేసేదానికి మెరుపెందుకురా, పెళ్లికి పెట్టుకెళతానా?” అంది. ఈ ప్రశ్నకి మీ దగ్గర జవాబుంటే ఆవిడకే నేరుగా రాయండి.

ఇక మీ రేటు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకి గరిష్ఠ ధర కట్టింది. అంతకుముందు సగటున 1,58,324 రూపాయలు పలికిన మామూలు కోబాల్ట్ క్రోమియం లోహపు మోకాలు, జీఎస్టీ కాకుండా 54,720కి దిగింది. భాగాలవారీగా కూడా లెక్క కట్టారు. తొడ ఎముక చివరకి తొడిగేది 24,090, కాలి ఎముక మీద కూర్చోబెట్టే పళ్లెం 16,990, రెంటి మధ్య ప్లాస్టిక్ బిళ్ల 9,550, చిప్పకి వేసేది 4,090. ఎక్కువ వంగుతుందని చెప్పే హై ఫ్లెక్స్ రకానికి 56,490. అంటే మామూలుదానికీ దానికీ ఆనాటి తేడా 1,770 రూపాయలు. మాకు ఏసీ గదిలో చెప్పిన తేడా ఐదంకెల్లో ఉంది. పైగా హై ఫ్లెక్స్ మామూలుదానికంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ వంగినట్టు పరిశోధనల్లో గట్టిగా తేలిందేమీ లేదు.

ధర కట్టాక బిల్లు తగ్గాలి కదా? అత్త బిల్లు మడత విప్పి చూశాను. ఇంప్లాంట్ వరస బుద్ధిగానే ఉంది. దాని కింద ఆపరేషన్ థియేటర్, డిస్పోజబుల్స్, కన్స్యూమబుల్స్, ‘ఇతరములు’. ఇతరముల్లో ఏమున్నాయంటే మళ్లీ కన్స్యూమబుల్సేనన్నారు. బంగారం కొట్లో గ్రాము రేటు దిగినప్పుడల్లా తరుగూ మజూరీ ఎందుకు లేచి కూర్చుంటాయో అప్పుడర్థమైంది.

మీ వంశాన్ని తక్కువ చేస్తున్నాననుకోకండి. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లీస్ గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో మోకీలు చేసి పెట్టాడు. పెట్టింది క్షయ పట్టిన కీళ్లలో, అందుకే చీము చేరి ఆ ముచ్చట మూణ్ణాళ్లే అయింది. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ లోహపు బంతికి పాలిథిలీన్ గిన్నె జతచేసి, పంటి వైద్యం నుంచి వచ్చిన సిమెంటుతో అతికించి, తుంటి మార్పిడిని ఒక దారికి తెచ్చాడు. మోకాలికి ఆ యోగం 1970లలో పట్టింది. మనవాళ్లలో చాలామందికి మాత్రం వాజ్‌పేయి గారి వల్లే తెలిసింది. 2000 అక్టోబరులో ముంబైలో ఎడమ మోకాలు, మరుసటేడు జూన్‌లో కుడిది. అప్పట్లో పేపర్లన్నీ ప్రధాని నడక గురించే.

ఇంత చరిత్రలో మీరు నిన్నగాక మొన్న వచ్చారు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం పూర్తిగా మార్చిన మోకాళ్లలో 82 శాతం పాతికేళ్లు నిలిచాయి. అవి పాతికేళ్ల కిందట వేసినవి, హోర్డింగ్ ఎక్కినవి కావు. మీ ముప్పై ఏళ్లంటారా, ముందు పూర్తి చేసి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

అసలు హోర్డింగ్ మీద మీ పక్కన నిలబడాల్సింది ఆ పట్టుచీర పెద్దావిడ కాదు. రోజూ పొద్దున్నే స్కూటీ మీద మా ఇంటికొచ్చిన ఫిజియో అమ్మాయి. ఆపరేషన్ మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు, అది బాగానే ఉంది. ఇంటికొచ్చాక మొదలైంది కథ. మడమ కింద తువ్వాలు చుట్టపెట్టి మోకాలిని మంచానికేసి నొక్కమనేది, తొడ కండ పనిచేయాలని. బట్టల కొట్టు ప్లాస్టిక్ కవరు పాదానికి తొడిగి, దుప్పటి మీద కాలిని వెనక్కి జార్చమనేది. కవరుంటే మడమ సుళువుగా జారుతుందట. జారింది, కానీ దాంతోపాటు వీధి చివరికి వినపడేలా అత్త కేక కూడా వచ్చింది. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో ఆ పిల్ల కొలిచి చెప్పేది.

“ఎనభై ఐదు వచ్చింది అమ్మమ్మా, తొంభై చేసేద్దాం.”

“మార్కులా ఏవిటే అవి? ముప్పై ఐదుకే పాసు కదా, వదిలేయ్.”

“ఇప్పుడు వంచకపోతే లోపల బిగుసుకుపోతుంది. మళ్లీ మత్తిచ్చి వంచాల్సొస్తుంది.”

“మత్తిచ్చి వంచుతారా? ఆ సంగతి ముందే చెప్పొద్దూ!”

తర్వాత మళ్లీ కేక. ఆ మోకాలు ఇప్పుడు మెట్లెక్కుతోందంటే సగం పుణ్యం ఆ పిల్లది. ఆమెకి ముట్టింది రోజుకి ఐదొందలు. ఏ ప్యాకేజీలోనూ ఆమె పేరు లేదు, ఆమె ఫొటో వేసిన హోర్డింగూ లేదు.

ఒక మాట మీ చెవిన వేస్తాను. ఆపరేషన్ బాగానే జరిగినా, పది నుంచి ఇరవై శాతం మంది తృప్తిగా లేమని చెబుతారు. మెట్లెక్కుతామని చెప్పారు గానీ, పూజలో పీట మీద కూర్చోవడం కుదరదని ముందే చెప్పకపోతే ఎవరికి మాత్రం తృప్తిగా ఉంటుంది? మొన్నొక కల్యాణమండపంలో ఉచిత మోకాళ్ల శిబిరం పెట్టారు. నడుచుకుంటూ వచ్చినవాళ్లకి కూడా ఎక్స్‌రే చూపించి, “రెండూ కలిపి చేయించుకుంటే కలిసొస్తుంది” అన్నారు. చీరల కొట్లో ఆషాఢం సేల్ మాట అది. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉందా, మాత్రలూ వ్యాయామం పనిచేయడం మానేశాయా అని అడిగేవారికి ఆ మండపంలో కుర్చీ వేసినట్టు లేదు.

చివరికి అత్త మిమ్మల్ని కాదని బేసిక్ పెట్టించుకుంది. ఆగ్రహించకండి. మిగిలిన డబ్బులో కొంత బాత్రూంలో పట్టుకునే కడ్డీలకీ, వెస్టర్న్ కమోడ్‌కీ పోయింది. ఇంకొంత నిజం బంగారానికి పోయింది, చెవుల దుద్దులు. అవి బయటికి కనిపిస్తాయి.

ఇట్లు,
నక్షత్రం గుర్తు ఇంకా చదవలేకపోయినవాడు

తా.క.: మీ పక్క హోర్డింగ్ మీద రోబో గారు కూడా వెలిశారు. ‘రోబో చేసే సర్జరీ’ అని రాశారు గానీ, చేసేది డాక్టరుగారే, ఎముక కోత లెక్క తప్పకుండా అది సాయపడుతుంది. అత్త ఒకటే అడగమంది. ఆ రోబో పొద్దున్నే ఇంటికొచ్చి కాలు వంచుతుందా, లేక అందుక్కూడా ఆ పిల్లే రావాలా?