అరగంట దూరంలో విజయవాడ

హైదరాబాద్ నుంచి విజయవాడకు విమానంలో ఎంతసేపు? శంషాబాద్ నుంచి గన్నవరానికి మ్యాపు మీద గీత గీస్తే 260 కిలోమీటర్ల పైచిలుకు. ఆమడ అంటే ఎనిమిది మైళ్లనుకుంటే, మన ముత్తాతల లెక్కలో ఇరవై ఆమడలు. ఏటీఆర్ లాంటి చిన్న విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఐదో తరగతి పిల్లాడిని అడిగినా అరగంట పైచిలుకని చెబుతాడు. వాడి తప్పేం లేదు. వాడింకా సొంత డబ్బుతో టికెట్ కొనలేదు.

టికెట్ మీద మాత్రం గంటకు అటూ ఇటూ ఉంటుంది. విమానం తన చోటి నుంచి కదిలింది మొదలు, అవతల దిగి ఆగేదాకా విమాన సంస్థల వాళ్లు లెక్కేస్తారు. రన్‌వే ఎక్కడానికి లైన్లో నిలబడటం, గాల్లో చుట్లు కొట్టడం అన్నీ అందులోనే. ఇంకో పది నిమిషాలు కొసరు వేసుకుంటారు కూడా. జాకెట్టు పది రోజులన్న టైలర్ ఎనిమిదో రోజునే ఇస్తే మనం పొంగిపోమూ? 'పది నిమిషాలు ముందే చేరాం' అని అనౌన్స్ చేయగానే మనవాళ్లు మురిసిపోయేది అందుకే.

ఈ లెక్కలో మోసమేమీ లేదు. కాకపోతే అది విమానం లెక్క. విమానం కాపురం ఉండేది ఎయిర్‌పోర్టులో. నేను ఉండేది మియాపూర్‌లో.

2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలోనే, అంటే ఊరి నడిబొడ్డున దిగేవి. తర్వాత శంషాబాద్ వెళ్లిపోయాయి. ఇప్పుడు ఇరవై ఆమడలు ఎగరడానికి ముందు మూడు ఆమడలు క్యాబ్‌లో పోవాలి. కౌంటర్ గంట ముందే మూస్తారు, గేటు 25 నిమిషాల ముందు. భయస్తులం కాబట్టి మనం రెండు గంటల ముందే చేరతాం. బెల్టు విప్పి, బెల్టు పెట్టుకుని, మళ్లీ లోపల సీటు బెల్టు పెట్టుకుంటాం. గన్నవరంలో దిగితే విజయవాడ ఇంకా ఇరవై కిలోమీటర్లు. బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు, గాల్లో ఉన్న ఆ అరగంటే కాస్త విశ్రాంతి అనిపిస్తుంది.

కాబట్టి విమానయాన శాఖ వారికి నాదొక విన్నపం. ప్రయాణ సమయాన్ని అమ్మ ఫోన్లతో కొలవాలి. 'బయల్దేరావా?' దగ్గర మొదలు, 'చేరావా, తిన్నావా?' దగ్గర ముగింపు. మధ్యలో 'ఎక్కడిదాకా వచ్చావు?' అని ఎన్నిసార్లు అడిగిందో టికెట్ మీదే అచ్చు వేయాలి. దేశంలో దీనికంటే కచ్చితమైన గడియారం లేదు.

ఈ సిద్ధాంతానికి మొన్ననే రుజువు దొరికింది. నేను విమానానికి, బాబాయి కారులో విజయవాడకు, ఇద్దరం ఉదయం ఆరింటికే మియాపూర్‌లో బయల్దేరాం. 'నువ్వు ముందే వెళ్లి మాకు కాఫీ పెట్టించు' అని నవ్వాడాయన. ఎనిమిదీ ముప్పావుకి ఫోన్.

'సూర్యాపేటలో ఇడ్లీ తింటున్నాంరా. నువ్వెక్కడ?'

'గేటు దగ్గర, బాబాయ్.'

'అదేంట్రా, ఇంకా ఇంటి గేటు దగ్గరే ఉన్నావా!'